టిక్కీ కృపావరం మోకాలు

మిర్చి కల్లంలో అందరికన్నా ఎత్తున కనిపించే మనిషి రైతూ కాదు, వ్యాపారీ కాదు, టిక్కీ తొక్కేవాడు. కర్రల చట్రానికి గోనెసంచి మూతి కట్టి, నీళ్ళు చిలకరించి మెత్తబరిచిన కాయలు గంపలతో పోస్తుంటే, ఆ సంచిలో నిలబడి కాళ్ళతో అణిచేది అతనే. సంచి నిండేకొద్దీ మనిషి పైకి లేస్తుంటాడు. అలా అణిచి నింపిన బస్తానే టిక్కీ. గట్టిగా తొక్కితే కాయ పగిలి గింజ రాలిపోతుంది, మెత్తగా తొక్కితే సంచి గుల్లగా నిలబడుతుంది. ఆ రెంటికీ మధ్య ఎంత ఒత్తాలో కాలికి తెలియాలి. రాజుపాలెం చుట్టుపక్కల ఊళ్ళలో ఆ పనికి కృపావరం పెట్టింది పేరు. ఆ సంగతి అందరికన్నా ముందు కృపావరానికే తెలుసు, వచ్చిన చిక్కల్లా అదే.

సంచిలో ఎత్తు పెరిగేకొద్దీ అతని గొంతు కూడా పెరిగేది. ఈసారి సర్పంచి ఎవరవుతారో, మిర్చి రేటు ఎందుకు పడిపోయిందో, ఎవరింట్లో పెళ్ళి ఎందుకు ఆగిపోయిందో పైనుంచి చెబుతుంటే, కింద గంపలు మోసే ఆడవాళ్ళు నవ్వుతూ వినేవాళ్ళు. కల్లం గల ఆసామి శివరామయ్యకు కృపావరం రాజకీయం గిట్టదు. ఇద్దరివీ వేరువేరు పార్టీలు. అయినా పదిహేనేళ్ళుగా తన కాయ ఇంకొకడి కాళ్ళకింద పెట్టలేదు. తొక్కుతున్నంతసేపూ ఇద్దరూ వాదించుకుంటూనే ఉండేవాళ్ళు, సాయంత్రానికి లారీ నిండేది.

పోయినేడు మార్చిలో, కోతలు ముగింపుకొచ్చిన రోజుల్లో, అలాంటి వాదనలోనే మోకాలు పోయింది. శివరామయ్య కిందనుంచి ఏదో అన్నాడు. ఎదురుగా నిలబడి బదులు చెప్పకపోతే లాభం లేదనుకుని కృపావరం నిండు సంచి మీదనుంచి ఒక్క దూకు దూకాడు. మడమ సంచి మూతికి కట్టిన పురికొసలో ఇరుక్కుంది. ఒళ్ళు ఒకవైపు తిరిగింది, మోకాలు తిరగలేదు. లోపల ఏదో తెగిన చప్పుడు దగ్గరున్న వాళ్ళకు కూడా వినిపించింది.

నరసరావుపేటలో ఆపరేషన్ చేశారు. మోకాలి లోపల ఎముకల్ని కదలకుండా పట్టి ఉంచే లిగమెంటు తెగిందని, తొడ వెనకనుంచి కొంత స్నాయువు తీసి కొత్తది అమర్చామని డాక్టరు చెప్పాడు. భార్య సారమ్మ అడిగింది ఒక్కటే మాట.

"మళ్ళీ టిక్కీ తొక్కుతాడా అయ్యా?"

"చెప్పిన ఎక్సర్‌సైజులు చెప్పినట్టు చేస్తే వచ్చే సీజనుకి తొక్కుతాడు. చేయకపోతే మామూలుగా నడుస్తాడు, అంతే" అన్నాడు డాక్టరు.

మామూలుగా నడవటం అనే మాట కృపావరం గుండెల్లో రాయిలా పడింది. మామూలుగా ఊళ్ళో అందరూ నడుస్తారు. దానికి కృపావరం ఎందుకు?

ఎక్సర్‌సైజులు నేర్పింది భవ్య అనే ఫిజియోథెరపిస్టు. చిలకలూరిపేట అమ్మాయి. మాట మెత్తన, పట్టు మాత్రం ఉడుంపట్టు. ఆమె రెండు రకాలు చెప్పింది. ఒకటి, మంచం అంచున కూర్చుని కాలు వేలాడేసి, బరువేమీ లేకుండా సగం దాకా చాపి దించటం. ఇందులో పాదం గాల్లో ఉంటుంది కనుక దీన్ని ఓపెన్ చైన్ అంటారంది. రెండోది, కిటికీ ఊచలు పట్టుకుని రెండు పాదాలూ నేలకు ఆనించి, కొంచెం కుంగి మళ్ళీ లేవటం. పాదం నేల వదలదు కనుక ఇది క్లోజ్డ్ చైన్.

"మొదటిది కొంచెమే చేయండి బాబాయ్. రెండోది మాత్రం పూటపూటకీ మానకుండా చేయాలి. మీ మోకాలిని నిలబెట్టేది అదే" అని మరీ మరీ చెప్పింది.

కృపావరం బుద్ధిగా తలూపాడు. ఇంటికొచ్చాక మొదటిది పట్టుకుని రెండోది వదిలేశాడు. అందుకు కారణం బద్ధకం కాదు, పరామర్శ.

పల్నాడులో పరామర్శకు వచ్చినవాళ్ళు ఊరికే పలకరించి వెళ్ళరు. బ్రెడ్డు ప్యాకెట్టు, బత్తాయిలు మంచం మీద పెట్టి, రోగం ఏపాటిదో తమ కళ్ళతో తేల్చుకుని గానీ కదలరు. కడుపునొప్పయితే చూడటానికేమీ ఉండదు కనుక డాక్టరు మాట నమ్మి పోతారు. కాలు అలా కాదు కదా. వచ్చిన ప్రతివాళ్ళూ కుర్చీ లాక్కుని, "ఏదీ, ఓసారి లేపు చూద్దాం" అనేవాళ్ళు. కృపావరం లేపేవాడు. "బానే లేస్తంది" అనేవాళ్ళు. వాళ్ళు అటు వెళ్ళగానే ఇటు ఇంకొకళ్ళు. అతను ఎక్సర్‌సైజు చేసింది పరామర్శలను బట్టే గాని భవ్య చెప్పినదాన్ని బట్టి కాదు. ఆదివారం చర్చి వదిలాక వీధివీధంతా వచ్చేది. ఆ రోజు కాలికి విశ్రాంతి అనేదే లేదు.

ఒకరోజు శివరామయ్య వచ్చి కూర్చున్నాడు. తన మాట వల్లే ఇంత జరిగిందని లోపల బాధపడుతున్నాడు. ఆ బాధ పైకి చెప్పే అలవాటు లేదు కనుక గదమాయించాడు.

"ఒరేయ్, అన్నేసి టిక్కీలు తొక్కిన కాలు. ఉత్త కాలు లేపటం ఏందిరా, పసిపిల్లోడి మాదిరి? బరువు కట్టాల్సిందే."

పక్కింటి కాటా మీదనుంచి ఇనప తూకపు రాయి వచ్చింది. తువ్వాలుతో చీలమండకు కట్టారు. కృపావరం లేపాడు. చూస్తున్నవాళ్ళు శభాష్ అన్నారు. అప్పటినుంచి వచ్చినవాళ్ళంతా ఇంకొంచెం బరువు కట్టమనేవాళ్ళే. కృపావరం పనిచేసే ముఠా మేస్త్రి మస్తాన్‌రావు అయితే తన మనుషులందరినీ వెంటబెట్టుకొచ్చి, ఎవరు చెప్పిన బరువు లేపుతాడో చూద్దామని పందెం కూడా వేయించాడు. కృపావరానికి మళ్ళీ సంచి మీద నిలబడినట్టే ఉంది. మంచమ్మీదనుంచే రాజకీయాలు మొదలుపెట్టాడు.

సారమ్మకు ఇదంతా నచ్చలేదు. "ఆ అమ్మాయి నిలబడి చెయ్యమన్నది చెయ్యవేందయ్యా?" అని రోజూ పోరేది.

"ఏమే, కిటికీ పట్టుకోని కుంగి లెగుస్తా ఉంటే చూసేవోళ్ళు ఏమనుకుంటారు? దొడ్డికి కూసున్నాననుకుంటారు" అన్నాడు కృపావరం. సారమ్మకు నవ్వొచ్చింది, నిజంగానే అలాగే ఉంటుంది మరి.

వారం తిరక్కుండా మోకాలు వాచింది. పట్టుకుంటే వేడి. సత్తెనపల్లిలో బస్సు మారి భార్యాభర్తలు నరసరావుపేట చేరేసరికి కృపావరం ముఖంలో నెత్తురు చుక్క లేదు. భవ్య మోకాలు నొక్కి చూసి, ఏం చేశారని అడిగింది.

"నువ్వు చెప్పిందే చేసినానమ్మా" అన్నాడు.

"అబద్ధం. కాటారాయి కట్టి ఊరందరికీ లేపి చూపిచ్చాడు" అంది సారమ్మ.

భవ్యకు కోపమొచ్చింది. ఆ అమ్మాయికి కోపమొస్తే గొంతు పెరగదు, ఇంకా తగ్గుతుంది. మెల్లగా చెప్పింది. "లోపల పెట్టిన కొత్త లిగమెంటు ఇంకా ఎముకకు అతుక్కుంటోంది బాబాయ్. కాలు గాల్లో పెట్టి బరువు కట్టి పూర్తిగా చాపితే, కింద ఎముక ముందుకు జరుగుతుంది. ఆ లాగుడంతా దాని మీదే పడుతుంది. అది సాగిపోయిందంటే, మీరు ఎన్ని కిలోలు లేపినా మోకాలు ఊగుతూనే ఉంటుంది. అప్పుడు సంచిలో దిగటం మాట మర్చిపోవాలి."

భవ్య డాక్టరును పిలిపించి చూపించింది. తెగలేదు, సాగలేదు, సమయానికే తెలిసిందని ఆయన అన్నాక గాని సారమ్మ ఊపిరి తీసుకోలేదు.

అప్పుడు భవ్య రెండు బరువు మిషన్లు తెచ్చి నేలమీద పక్కపక్కన పెట్టింది. ఒక్కోదాని మీద ఒక్కో పాదం పెట్టి సమానంగా నిలబడమంది. కృపావరం నిటారుగా నిలబడ్డాడు. తన లెక్కకు సమానంగానే ఉన్నాడు. కిందకు చూస్తే బాగున్న కాలి ముల్లు బాగా పైకి పోయింది, ఆపరేషన్ కాలి ముల్లు ఉన్నచోటునుంచి కదిలీ కదలనట్టుంది. జీవితమంతా కాటాల పక్కన బతికిన మనిషి. కాటా మీద మోసం చేసేవాళ్ళను ఎందరినో పట్టుకున్నాడు. ఇప్పుడు తన కాలే తనను మోసం చేస్తోంది.

"ఇందులో మీ తప్పేం లేదు. నొప్పి పెడుతుందని భయపడి ఒళ్ళు తనంతట తను బరువు అటు తోసేస్తుంది" అంది భవ్య. "చూడండి, మీ ముఠాలో బస్తా లేపేటప్పుడు నలుగురూ ఒకేసారి పట్టుకుంటారు కదా. పాదం నేల మీద ఉన్నప్పుడు తుంటి, తొడ ముందు, తొడ వెనక, పిక్క, అందరూ కలిసి మోకాలిని పట్టుకుంటారు. కాలు గాల్లో పెట్టి లేపితే ఒక్కడే లాగుతాడు. ప్రస్తుతం మీ మోకాలికి ముఠా కావాలి, పహిల్వాను కాదు."

ఈ మాట కృపావరానికి ఎక్కింది. ఏ పుస్తకం చెప్పినా ఇంతగా ఎక్కేది కాదు. వాపు తగ్గాక చేయమని ఇంకో ఎక్సర్‌సైజు కూడా చూపించింది. వీపు గోడకు ఆనించి, పాదాలు కొంచెం ముందుకు పెట్టి, సగం దాకా జారి ఆగటం. "బళ్ళో మాస్టారు వేయించిన గోడకుర్చీ గుర్తుందా, అదే. పూర్తిగా కూర్చోవద్దు, సగంలో ఆగండి" అంది. గుర్తుండకేం, చదువుకున్న నాలుగైదేళ్ళలో కృపావరం బల్ల మీదకన్నా దాంట్లోనే ఎక్కువ కూర్చున్నాడు.

ఇంటికొచ్చాక సారమ్మ పెత్తనం తన చేతిలోకి తీసుకుంది. ఉన్న ఒక్క ప్లాస్టిక్ కుర్చీని లోపలి గదిలో మంచాల వెనక దాచింది. పరామర్శకు వచ్చినవాళ్ళెవరైనా సరే, తన భర్త పక్కన గోడకు ఆని గోడకుర్చీ వేస్తేనే మాట్లాడనిస్తానని గుమ్మంలోనే చెప్పేసింది. రోగిని చూడటానికి వచ్చి పనిచేయాల్సి రావటం జనానికి కొత్త. మొదటిరోజు ఇద్దరు ముగ్గురు వేశారు, కాళ్ళు వణికి కిందపడి నవ్వుకున్నారు. తర్వాతి వారానికి పరామర్శలు సన్నగిల్లాయి. బత్తాయిలు కూడా సన్నగిల్లాయి.

కృపావరానికి దిగులు పట్టుకుంది. కాలు నొప్పి భరించాడు, డాక్టరు మాట భరించాడు, ఈ ఖాళీ గుమ్మాన్ని మాత్రం భరించలేకపోయాడు. గోడకు ఆని సగం కుంగి, చూసేవాళ్ళు లేకుండా, శభాష్ అనేవాళ్ళు లేకుండా అంత కష్టపడటం అతని జన్మలో లేదు. ఒకరోజు మధ్యలో వదిలేసి కూర్చుండిపోయాడు.

"ఇట్టా ఎవరికోసరం చెయ్యాలే" అన్నాడు.

"నాకోసరం" అంది సారమ్మ. అలాంటి మాటలు ఆమె మామూలుగా అనదు. కృపావరం లేచి మళ్ళీ గోడకు ఆనాడు.

ఆ మర్నాడే శివరామయ్య వచ్చాడు. కాటారాయి సంగతి తెలిసి ఇన్నాళ్ళూ ముఖం చెల్లక రాలేదు. వస్తూనే అటూ ఇటూ చూశాడు.

"కుర్చీ ఏదే సారమ్మా?"

"లేదయ్యా. ఇప్పుడు మా ఇంట్లో గోడకుర్చీ ఒకటే" అంది సారమ్మ. ఊళ్ళో ఆయనతో అలా అన్నవాళ్ళు లేరు.

శివరామయ్య మీసం దువ్వుకుని, పంచె పైకి ఎగ్గట్టి, కృపావరం పక్కన గోడకు వీపు ఆనించాడు. జారాడు. సగంలో ఆగాల్సినవాడు ఆగలేక సాంతం నేలమీదకు వచ్చేశాడు. లేవలేక ఆయన, నవ్వాపుకోలేక వీళ్ళు. చెరో రెక్కా పట్టుకుని లేపారు.

"నీ దుంపతెగ, ఇదా నువ్వు చేసేది?" అన్నాడు శివరామయ్య రొప్పుతూ.

"ఇదేనయ్యా. బరువు లేపటం దీని ముందు యాడ చాలుద్ది" అన్నాడు కృపావరం.

మరునాడు సాయంత్రం ఆయన మళ్ళీ వచ్చాడు. ఒకడు చేయగలిగింది తాను చేయలేకపోవటం ఆ ఇంటావంటా లేదు. తనక్కూడా మెట్లు దిగేటప్పుడు మోకాళ్ళు పట్టేస్తున్నాయని, డాక్టరు కొంచెం కొంచెంగా చేయొచ్చన్నాడని సాకు చెప్పాడు. అలా రోజూ చీకటి పడేముందు ఆ గోడకు ఇద్దరూ ఆనుకోవటం అలవాటైంది. కాళ్ళు వణుకుతుంటే ఆ వణుకు మర్చిపోవటానికి రాజకీయాలు వాదించుకునేవాళ్ళు.

శివరామయ్య వసారాలో కృపావరం ఏనాడూ కుర్చీలో కూర్చోలేదు. కూర్చోవద్దని ఎవరూ అనలేదు, కూర్చోమని కూడా అనలేదు. ఈ గోడ దగ్గర ఇద్దరి కిందా ఉన్నది లేని కుర్చీయే, ఇద్దరిదీ ఒకటే ఎత్తు. ఈ సంగతి ఇద్దరికీ తట్టింది. ఇద్దరూ పైకి అనలేదు. కృపావరానికి మాత్రం ఆ సాయంత్రాల్లో చాలా సంతోషంగా ఉండేది.

వానలు వెనకబట్టాక భవ్య ఒకసారి కాలు చూసి, కృపావరం చీలమండకు తనే చిన్న ఇసక సంచి కట్టింది. కృపావరం ఉలిక్కిపడి కాలు వెనక్కి లాక్కున్నాడు.

"వద్దమ్మా, ఒకసారి చేసిన తప్పు చాలు."

"అప్పుడు తప్పు. ఇప్పుడు అవసరం" అంది భవ్య. తొడ ముందు కండ ఇంకా సన్నగానే ఉందని టేపు పెట్టి చూపించింది. "ముఠాలో ఒకడు బస్తా కింద చెయ్యి పెట్టినట్టే పెట్టి బరువు మిగతావాళ్ళ మీద వదిలేస్తాడు చూశారా. ఈ కండ అదే చేస్తోంది. వాణ్ణి ఒక్కణ్ణి పక్కకు పిలిచి పని చేయించాలి. అందుకే మళ్ళీ ఓపెన్ చైన్. మీరు టిక్కీ ఎలా తొక్కుతారో చూపించండి."

కృపావరం నిలబడి నిదానంగా చూపించాడు. కాలు లేచేటప్పుడు పాదం గాల్లో ఉంది. దిగి అణిచేటప్పుడు పాదం కింద బరువుంది. ఒక్క అడుగులో రెండూ ఉన్నాయని, అందుకే రెండూ నేర్వాలని భవ్య చెప్పింది. ఆ తర్వాత గట్టి నేల మానిపించి, పరుపు మీద ఒంటికాలితో నిలబెట్టింది. కాయ కూడా మెత్తగానే ఉంటుంది కదా అంది. పరుపు మీద నిలబడ్డ కృపావరాన్ని చూసి సారమ్మ ఎంత నవ్విందో చెప్పలేం. నెలకొకసారి రెండు మిషన్ల మీద నిలబడేవాడు. ముళ్ళు దగ్గరవుతూ వచ్చాయి, అయినా ఒకదాన్నొకటి అందుకోలేదు.

సంక్రాంతి వెళ్ళాక కాయ కల్లాలకు చేరింది. మిషను మీద తేడా ఇంకా కొంచెం ఉన్నా, డాక్టరూ భవ్యా చూసి, రోజుకు కొద్దిగా మొదలుపెట్టమన్నారు. మస్తాన్‌రావు మాత్రం వెనకాడాడు. ముఠాలోకి అప్పటికే ఇంకో తొక్కుడు మనిషిని తెచ్చుకున్నాడు.

"ఈ ఏటికి ఆగన్నా. మధ్యలో మళ్ళీ ఏమన్నా అయితే నాకు మాటొచ్చిద్ది" అన్నాడు.

అడగటం కృపావరానికి చేతకాదు. ఇన్నేళ్ళూ జనమే వచ్చి అతన్ని అడిగారు. ఆ పూట సంచిపక్కన నిలబడి, "ఒక్క టిక్కీ. నచ్చకపోతే నేనే దిగిపోతా" అన్నాడు. ఆ మాట బయటికి రావటానికి ఎంత కష్టమైందో పక్కన నిలబడ్డ సారమ్మకు తెలుసు.

శివరామయ్య కలగజేసుకున్నాడు. "కల్లం నాది, కాయ నాది. వాడి కాలు సంగతి మీ అందరికన్నా నాకు బాగా తెలుసు. ఎక్కరా."

కృపావరం ఎక్కాడు. ఆ రోజు మొదటిసారి అతని నోటినుంచి రాజకీయం రాలేదు. అడుగు పెట్టటం, ఒత్తటం, తీయటం, అంతే ధ్యాస. మొదటి నాలుగడుగులూ భయంగానే పడ్డాయి. కాయ నెమ్మదిగా సర్దుకుంటూ వచ్చింది. కిందనుంచి మస్తాన్‌రావు సంచి చుట్టూ తిరిగి తట్టి చూశాడు. ఎక్కడా గుల్ల లేదు. ఇంకో గంప పోయమన్నాడు. సంచి నిండాక కృపావరం దూకలేదు. చట్రం కర్ర పట్టుకుని, కింద బోర్లించిన గంప మీదకు ఒక కాలు, ఆపైన రెండో కాలు దించాడు. అందరూ చూస్తుండగా ముసలాడిలా దిగినందుకు సిగ్గుపడలేదు. ఇంకో సంచి కట్టమన్నాడు. దాన్ని కూడా తొక్కాక, ఇవాల్టికి చాలని భవ్య చెప్పిన మాట ప్రకారం తనే ఆగాడు.

సాయంత్రం ఇంటి ముందు రాయి మీద కూర్చుంటే సారమ్మ పాదాలు కడిగి, వాటి మీద చల్లమజ్జిగ పోసింది. ఏడాదిపాటు పని లేక మెత్తబడ్డ పాదాలు, మిర్చి ఘాటుకు ఎర్రగా కందిపోయాయి. కాయమీద ఏ పాదం ఎంత బరువు మోపితే అంత మంట, ఆ లెక్కలో మోసం ఉండదు. ఇద్దరికీ ఆ విషయం తెలుసు. అందుకే సారమ్మ వెంటనే అడగలేకపోయింది. మజ్జిగ అయిపోయాక తలెత్తకుండానే అడిగింది.

"ఏ కాలు ఎక్కువ మండతంది?"

కృపావరం కళ్ళు మూసుకున్నాడు. ముందు బాగున్న కాలి మంట చూసుకున్నాడు, తర్వాత ఆపరేషన్ కాలి మంట. మళ్ళీ అటు, మళ్ళీ ఇటు. తేల్చుకోవటానికి చాలాసేపు పట్టింది.

"రెండూ ఒకటేమాదిరి మండతన్నయ్యే" అన్నాడు.

సారమ్మ రెండు పాదాలనూ రెండు చేతుల్లోకి తీసుకుని, కొంగుతో తుడుస్తూ ఏడ్చింది.